ప్రెసిడెంట్ స్ట్రీట్‌లోని ఆ ఇంటి తలుపు తెరవాలా?

ఎడిసన్ మూర్తి:

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఆఫీసు మిత్రుడొకరు నన్ను బ్రూక్లిన్ తీసుకెళ్లారు. ఆయన యూదుడు, చబాద్ అనే యూదు భక్తి సంప్రదాయంలో పెరిగిన మనిషి. క్రౌన్ హైట్స్‌లో ఈస్టర్న్ పార్క్‌వే మీద ఉన్న 770 నంబరు భవనం చూపించారు. ఎర్ర ఇటుకల గోడలు, పైన మూడు కోణాలుగా లేచిన కప్పు. దాన్ని అక్కడ అందరూ ఉత్త 'సెవెన్ సెవెంటీ' అంటారు. చబాద్ వాళ్ల ఏడో రెబ్బే, అంటే ఆధ్యాత్మిక నాయకుడు, మెనాఖెమ్ మెండెల్ ష్నీర్సన్ గారు పనిచేసిందీ, ప్రసంగించిందీ, రాత్రంతా జనాన్ని కలుసుకున్నదీ అక్కడే.

తర్వాత కొద్ది దూరం నడిపించి ప్రెసిడెంట్ స్ట్రీట్‌లో ఒక ఇంటి ముందు ఆగారు. 1304 నంబరు. రెబ్బే, ఆయన భార్య ఖయా ముష్కా గారు 1950ల నుంచి కాపురమున్న ఇల్లు అది. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నెమ్మదిగా అన్నారు: "చిన్నప్పుడు ఈ గేటు ముందు నుంచి వెళ్తూ గొంతు తగ్గించేవాళ్లం. లోపల ఏముందో మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని అడిగిన వాళ్లూ లేరు."

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. రెబ్బే 1902లో నల్లసముద్రం ఒడ్డుకు దగ్గరున్న నికొలాయెవ్‌లో పుట్టారు. ఇప్పుడది ఉక్రెయిన్. 1928లో వార్సాలో పెళ్లి. బెర్లిన్, పారిస్‌లలో చదువు, నాజీల నుంచి తప్పించుకుని 1941 జూన్‌లో న్యూయార్క్ చేరారు. మామగారు 1950లో పోతే మరుసటి ఏడాది నాయకత్వం తీసుకున్నారు. 1994 జూన్ 12న కన్నుమూశారు. పిల్లలు లేరు. ఆయన తర్వాత మరో రెబ్బే రాలేదు, అంటే ఆ గద్దె మీద ఇప్పటికీ ఎవరూ కూర్చోలేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఇలాంటి మనిషి నిరాడంబరంగా బతికిన ఇంటిని, టీ తాగిన బల్లని, పుస్తకం చదివిన కుర్చీని అందరూ వచ్చి చూసేలా పెట్టడం మంచిదా? చూస్తే మనసు నిండుతుందనిపిస్తోంది. ఆ గేటు ముందు మిత్రుడి మౌనం గుర్తొస్తే మాత్రం కాళ్లు ఆగిపోతున్నాయి. మీరేమంటారు?

—

పుస్తకాల పురుగు:

మూర్తి గారూ, మంచి ప్రశ్న వేశారు. చబాద్ మీద కొన్నేళ్లుగా చదువుతున్నాను కాబట్టి రెండు విషయాలు చేరుస్తాను.

మొదటిది. 770 భవనానికి లోకమంతా నకళ్లున్నాయి. ఇజ్రాయెల్‌లో కఫర్ చబాద్ అనే ఊళ్లో ఉంది, లాస్ ఏంజెలిస్‌లో ఉంది, మెల్‌బోర్న్‌లో ఉంది. అవే మూడు కోణాలు, అదే ఎర్ర ఇటుక. అదేమీ గుడిగా కట్టిన భవనం కాదు. 1930లలో కట్టిన ఇల్లు, 1940లో చబాద్ వాళ్లు కొన్నారు. రెబ్బే మామగారు చక్రాల కుర్చీలో ఉండేవారు, ఆ ఇంట్లో లిఫ్టు ఉంది, అది పెద్ద ఆకర్షణ. అలా అవసరం కోసం కొన్న ఇంటికి అన్ని దేశాల్లో ప్రతిరూపాలు లేచాయి. 1304 ప్రెసిడెంట్ స్ట్రీట్‌కి మాత్రం అలా కట్టారని నేనెక్కడా చదవలేదు. ఏది అందరిదో ఏది వాళ్లిద్దరిదో జనానికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

రెండోది కోర్టు కేసు. 1985లో కుటుంబంలోని ఒకరు మామగారి గ్రంథాలయం నుంచి పాత పుస్తకాలు తీసుకెళ్లి అమ్మడం మొదలుపెట్టారు. అవి కుటుంబ ఆస్తా, సంఘం ఆస్తా అని న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో విచారణ. అప్పుడు ఖయా ముష్కా గారిని అడిగితే ఆవిడ ఇచ్చిన సమాధానం ఇప్పటికీ చెప్పుకుంటారు: పుస్తకాలు హసీదులవే (రెబ్బే అనుచరులను అలా అంటారు), ఎందుకంటే మా నాన్నగారే హసీదుల మనిషి అని. 1987 జనవరిలో తీర్పు సంఘం పక్షాన వచ్చింది. ఆ రోజును ఇప్పటికీ ఏటా పండుగగా జరుపుకుంటారు, పుస్తకాలు కొనుక్కుంటారు.

నాన్నగారినే జనానికి ఇచ్చేసిన కూతురు ఆవిడ. ఆ లెక్కన ఇల్లు ఇవ్వడానికి ఆవిడకు అభ్యంతరం ఉండేదా అని నాకు అనుమానం.

—

లలిత టీచర్:

నేను దీన్ని పూర్తిగా వేరేగా చూస్తున్నాను. నాన్నగారిని ఇచ్చింది నిజమే, తనను తాను ఎప్పుడూ ఇవ్వలేదు కదండీ.

ఖయా ముష్కా గారి గురించి నేను చదివిన వాటిలో మనసులో నిలిచిపోయింది ఒకటే. ఫోను చేసి తన పేరు చెప్పాల్సి వస్తే 'రెబ్బెత్సిన్', అంటే రెబ్బే భార్య, అని చెప్పుకునేవారు కాదట. 'ప్రెసిడెంట్ స్ట్రీట్ నుంచి మిసెస్ ష్నీర్సన్ మాట్లాడుతున్నాను' అనేవారట, అంతే. వేలమంది భర్త ముఖం చూడటానికి సముద్రాలు దాటి వచ్చేవారు. ఆవిడ ఎదురొచ్చినా గుర్తుపట్టలేని వాళ్లు ఆ పేటలోనే ఉండేవారు. సభల్లో వేదిక మీద కూర్చోలేదు. తండ్రి ఒక రెబ్బే, భర్త ఒక రెబ్బే, అయినా తనకంటూ ఉంచుకున్న చిరునామా ఆ వీధి పేరు ఒక్కటే.

రెబ్బేకి పగలూ రాత్రీ తేడా ఉండేది కాదు. జనంతో ముఖాముఖి మాటలు తెల్లవారుజాము దాకా సాగిన రోజులెన్నో. అంత పనిలోనూ రోజూ భార్యతో కూర్చుని టీ తాగే సమయం పోనిచ్చేవారు కాదనీ, ఆ కాసేపు తనకు రోజూ ఉదయం టెఫిలిన్ కట్టుకోవడమంత పవిత్రమని ఒక డాక్టరుతో అన్నారనీ చెబుతారు. టెఫిలిన్ అంటే ప్రార్థనప్పుడు చేతికీ నుదుటికీ కట్టుకునే తోలు పెట్టెలు, లోపల లేఖనాలుంటాయి.

ఇప్పుడు చెప్పండి. అంత పవిత్రమైన ఆ కాసేపు ఎవరి కోసం? లోకం లేకుండా ఇద్దరే ఉండటం కోసం. ఆ టీ బల్ల చుట్టూ తాడు కట్టి పక్కన బోర్డు పెట్టి మనం వరసలో నిలబడి చూస్తే, చూడటానికి అక్కడ ఏం మిగులుతుంది? భర్త జీవితమంతా జనం తీసుకున్నారు. ఆవిడకు మిగిలింది ఆ ఇల్లు. అది కూడా కావాలా మనకు?

—

సువార్త, చేబ్రోలు:

టీచర్ గారూ, మీ మాట చదివి కాసేపు ఆగిపోయాను. అయినా నా వైపు చెబుతాను.

మాది గుంటూరు జిల్లా చేబ్రోలు. మా ఊరి దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి, తమను తాము యూదులుగా భావించుకుని సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం) పాటిస్తారు. వాళ్ల ప్రార్థనామందిరం చాలా చిన్నది. నేను క్రైస్తవురాలినే అయినా చిన్నప్పటి నుంచి వాళ్ల పిల్లలతో కలిసి చదువుకున్నాను.

మూర్తి గారు రాసింది చదవగానే నాకు గుర్తొచ్చింది రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం. షూనేమీయురాలు ఎలీషా ప్రవక్త కోసం మేడ మీద ఒక చిన్న గది కట్టిస్తుంది. అందులో ఏం పెట్టింది? మంచము, బల్ల, పీట, దీపస్తంభము. నాలుగే వస్తువులు, గ్రంథం వాటిని పేరుపేరునా చెబుతుంది. మందిరంలోని బంగారాన్ని వర్ణించిన గ్రంథమే ఈ పీటను కూడా రాసిపెట్టింది. దైవజనుడు ఎంత తక్కువతో బతికాడో తర్వాతివాళ్లు తెలుసుకోవాలనే కదా?

మా పిల్లలు ఇప్పుడు భక్తి అంటే పెద్ద స్టేజీ, లైట్లు, ఖరీదైన కారు అనుకుంటున్నారు. లోకమంతా పేరున్న ఒక గురువు వంటగది ఇంతే, మంచం ఇంతే అని కళ్లతో చూపించగలిగితే నాలుగు ప్రసంగాల పని అదొక్కటే చేస్తుంది. అందుకే తెరవాలంటాను.

—

సందేహాల శ్రీను:

చిన్న అనుమానం. క్రౌన్ హైట్స్‌లో ప్రెసిడెంట్ స్ట్రీట్ అంటే పెద్ద పెద్ద ఇళ్లుండే వీధి కదా? మేము ఆ పక్కనే రెండేళ్లు అద్దెకున్నాం. దాన్ని నిరాడంబరమైన ఇల్లు అనడం సరైనదేనా?

—

ఎడిసన్ మూర్తి:

శ్రీను గారూ, అడగాల్సిందే అడిగారు. ఆ వీధిలో పాత డబ్బున్న కుటుంబాల భవనాలున్న మాట నిజం. ఈ ఇల్లు గుడిసె కాదు, మధ్యతరగతి వాళ్లకు బాగానే ఉన్న ఇల్లు అనొచ్చు. నేను నిరాడంబరం అంటున్నది గోడల కొలత చూసి కాదు. ఎంతోమంది అనుచరులు, లోకమంతా ఎన్నో కేంద్రాలు ఉన్న నాయకుడికి ఇంటి దగ్గర కొలువు లేదు, పరివారం లేదు. సబ్బాతు రోజున ఇక్కడి నుంచి 770కి నడిచే వెళ్లేవారు. 40 ఏళ్లకు పైగా నాయకుడిగా ఉండి ఇజ్రాయెల్‌కి కూడా ఒక్కసారి వెళ్లలేదు. ఆయన ప్రపంచమంతా ఆ రెండు తలుపుల మధ్య నాలుగు వీధులే.

—

పుస్తకాల పురుగు:

టీచర్ గారూ, మీ మాటకు యూదు ధర్మశాస్త్రంలోనే గట్టి ఆధారం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం.

యూదుల ధర్మచర్చల పాత గ్రంథమైన తల్మూదులో 'హెజెక్ రెయియా' అనే భావన ఉంది. అంటే చూపు వల్ల కలిగే నష్టం. పక్కవాడి పెరట్లోకి తొంగి చూడటమే ఒక హాని, పొగలాగా, దుర్వాసనలాగా. అందుకే ఉమ్మడి పెరడు పంచుకున్నవాళ్లు మధ్యలో గోడ కట్టాలి. ఒకరి గుమ్మానికి ఎదురుగా ఇంకొకరు గుమ్మం పెట్టకూడదు. బైబిల్లో బిలాము అనేవాడు ఇశ్రాయేలీయుల గుడారాలను చూసి 'యాకోబూ, నీ గుడారములు ఎంత మంచివి' అన్నాడు కదా, ఏమిటి ఆ మంచితనం అంటే ఏ గుడారపు తలుపూ ఇంకో గుడారపు తలుపుకు ఎదురుగా లేకపోవడమేనని రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, వివరించారు. సుమారు 1,000 ఏళ్ల కిందట జర్మనీలో రబ్బీ గెర్షోమ్ ఇతరుల ఉత్తరాలు చదవడాన్నే నిషేధించాడని సంప్రదాయం. ఇంటి లోపలి సంగతిని ఇంత పట్టుదలగా కాపాడిన శాస్త్రం అది.

రెండో వైపు కూడా అదే తల్మూదులో ఉంది. కహనా అనే శిష్యుడు తన గురువు రవ్ మంచం కింద దాక్కుంటాడు. పైన గురువు, ఆయన భార్య. గురువుకి తెలిసి, బయటికి పో, ఇది పద్ధతి కాదంటాడు. శిష్యుడి జవాబు: 'ఇదీ తోరాయే (దేవుడిచ్చిన ధర్మమే), నేను నేర్చుకోవాలి.' ఆ కథను కొట్టేయకుండా గ్రంథంలో ఉంచారు. ఇంకోచోట పండితుల దగ్గర పాఠం వినడం కంటే వాళ్లకు దగ్గరుండి సేవ చేయడమే గొప్పదంటారు. నీళ్లు అందించేటప్పుడు, చెప్పులు పెట్టేటప్పుడు నేర్చుకునేది పుస్తకంలో దొరకదని.

కాబట్టి నేను రెండు మనసుల మీద ఉన్నాను. ఒక్కటి మాత్రం గమనించాను. కహనాని గురువు బయటికి పొమ్మన్నాడు. ఆ మాటనూ గ్రంథం దాచలేదు.

—

కోనసీమ మేరీ:

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. నేను రాజోలు దగ్గరిదాన్ని. 2016 నుంచి ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను, వయసైనవాళ్లను చూసుకునే పని. మొదటి 6 ఏళ్లు బ్నే బ్రాక్‌లో ఒక బామ్మ గారి దగ్గర ఉన్నాను. ఆ ఊరంతా భక్తిపరులే.

అక్కడివాళ్లు ఎంతో గౌరవించే పెద్ద పండితుడు రబ్బీ ఖయీమ్ కనియెవ్‌స్కీ గారి ఇల్లు అక్కడే, రష్బామ్ వీధిలో. అది కూడా ఒక మామూలు అపార్ట్‌మెంట్ బిల్డింగే, మన అమలాపురంలో 30 ఏళ్ల కిందట కట్టిన ఫ్లాట్లలా ఉంటుంది. మా బామ్మ గారిని చక్రాల కుర్చీలో అటు తీసుకెళ్లేదాన్ని. మెట్ల మీద నుంచి వీధి దాకా మనుషులు. పిల్లలు పుట్టని వాళ్లు, జబ్బు చేసినవాళ్లు, పెళ్లి కుదరనివాళ్లు. లోపల గోడలకంతా పుస్తకాలేనని చూసొచ్చినవాళ్లు చెప్పేవారు. ఆయనకు మాటలకు టైమ్ ఉండేది కాదు. పుస్తకం మీద నుంచి తల ఎత్తి 'బూహా' అనేవారు. 'ఆశీర్వాదం, విజయం' అన్న రెండు హీబ్రూ మాటల మొదటి అక్షరాలు కలిపిన పొట్టిమాట అది. ఆ ఒక్క మాట కోసం గంటలు నిలబడేవారు. ఆయన ప్రతి ఏడాదీ తల్మూదు మొత్తం, ఇంకా ఎన్నో గ్రంథాలు మొదటి నుంచి చివరి దాకా చదివి పస్కా ముందు రోజు పూర్తిచేసేవారు. ఆయన భార్య బత్‌షెవా గారు 2011లో పోయారు, నేను చూడలేదు. మా బామ్మ గారు మాత్రం ఆవిడ పేరెత్తితే కళ్లు తుడుచుకునేది. ఆడవాళ్లందరికీ ఆ ఇంట్లో తల్లి ఆవిడేనట.

2022 మార్చిలో ఆయన పోయారు. ఆదివారం అంత్యక్రియలు. ఆ రోజు మా వీధి నుంచి కదలడానికి లేదు, లక్షల మంది. బాల్కనీలో నేనూ బామ్మ గారూ నిలబడి చూశాం. ఆవిడ అప్పుడన్న మాట నాకు బాగా గుర్తు: "ఇన్నేళ్లూ ఆయన తలుపు మాకు తీసే ఉంది. ఇక మేం ఎవరి తలుపు తట్టాలి?"

అందుకని నాకనిపించేది ఏంటంటే, ఈ రెండు ఇళ్లూ ఒకటి కావు. బ్నే బ్రాక్ ఇంటి తలుపు ఆయన బతికుండగానే తెరిచి ఉంది, ఆయనే తెరిచారు. ఆ ఇల్లు రేపు జనం చూసినా అది కొత్త కాదు. మూర్తి అన్న చెప్పిన ఇల్లు వాళ్లు బతికుండగా మూసి ఉంచుకున్న ఇల్లు. పోయాక మనం తెరిస్తే అది మన పని అవుతుంది, వాళ్ల పని కాదు.

ఇంకో సంగతి. ఒక యూదు ఇంట్లో పనిచేస్తే తెలుస్తుంది, అక్కడ ఇల్లు అంటేనే సగం ధర్మం. పాలకు వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు, సింకులు రెండు. నేను చేరిన మొదటి వారం పాల చెంచా మాంసం సింకులో వేసేశాను. గుండె జారిపోయింది, ఉద్యోగం పోయిందనుకున్నా. బామ్మ గారు కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఎందుకో ఒక్కొక్కటీ చెప్పారు. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి కళ్లు మూసుకుని చేతులతో ముఖం కప్పుకుంటే నేను వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఆవిడ నన్ను వెళ్లమని ఏనాడూ అనలేదు. నాకే ఉండబుద్ధి కాలేదు.

—

లలిత టీచర్:

మేరీ తల్లీ, ఆ చివరి మాట చదివాక నేనింక వాదించేదేం లేదు. ఇలాంటివి రాస్తూ ఉండమ్మా.

—

నిర్వాహకుడు:

రెండు పోస్టులు తొలగించాను. ఈ చర్చలో గాజా, ఇజ్రాయెల్ ఎన్నికల సంగతులు వద్దు. వాటికి వేరే చోటుంది.

—

సున్నం గోడలు:

పాత కట్టడాలు బాగుచేసే పనిలో 18 ఏళ్లుగా ఉన్నాను, హైదరాబాద్‌లో. భావాల సంగతి అందరూ చెప్పారు, నేను ఇంటి తరఫున మాట్లాడతాను.

ఇద్దరు మనుషులు కాపురముండటానికి కట్టిన ఇంట్లోకి రోజుకు 300 మంది నడిస్తే మొదట పోయేది మెట్లు. చెక్క మెట్లైతే రెండేళ్లలో మధ్యలో గుంట పడుతుంది. తర్వాత గోడల రంగు, ఎందుకంటే ప్రతివాళ్లూ మలుపు దగ్గర చెయ్యి ఆనిస్తారు. ఊపిరితో వచ్చే తేమకు పాత పుస్తకాలు ఉబ్బుతాయి. అగ్నిప్రమాదం నిబంధనల కోసం ఇంకో ద్వారం పెట్టాలి, చక్రాల కుర్చీల కోసం వాలుదారి పెట్టాలి, టికెట్టుకో రిజిస్టరుకో ముందుగది పోతుంది, మరుగుదొడ్లకు వెనకగది పోతుంది. అన్నీ చేశాక మీరు చూపించేది ఆ ఇల్లు కాదు, ఆ ఇంటి చోట ఉన్న ఇంకో ఇల్లు.

నేను పనిచేసిన ఒకచోట, పేరు చెప్పను, ఒక పెద్దాయన ఇంటిని మ్యూజియం చేశారు. ఆయన మంచం మీద వేయడానికి కొత్త దుప్పటి బజారు నుంచి తెచ్చారు, పాతది చిరిగిపోయిందని. జనం ఆ కొత్త దుప్పటికి దండం పెట్టుకునేవారు. ఆ రోజు నేనే కాంట్రాక్టరుతో గొడవపడి పాత దుప్పటి తీసి పెట్టెలో భద్రం చేయించాను, కానీ మంచం మీదికి మళ్లీ తేలేకపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తెరవాలనుకుంటే పద్ధతి ఉంది. ఒక విడతకు 8 మంది మించకూడదు. ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టేయాలి. ఒక గది, లేదా రెండు గదులు చూపించి మిగతావి మూసి ఉంచాలి. మూసిన తలుపును కూడా చూపించాలి, ఇది మూసి ఉంచాం అని చెప్పి. జెరూసలేంలో రవ్ కూక్ అనే పాతకాలపు పెద్ద రబ్బీ ఇల్లు ఇప్పుడు మ్యూజియమే. అదెలా చేశారో చూసినవాళ్లెవరైనా ఉంటే రాయండి.

—

కోనసీమ మేరీ:

అన్నా, నేను చూశాను. సెలవు రోజున మా చర్చి వాళ్లతో జెరూసలేం వెళ్లినప్పుడు యాఫా రోడ్డు నుంచి పక్క సందులోకి తిరిగితే ఆయన పేరు మీదే ఉన్న వీధిలో ఉంది. రాతి ఇల్లు. ఆ సందులోనే ఇంకొంచెం లోపలికి వెళ్తే టికో హౌస్, కంటి డాక్టరు గారూ, బొమ్మలు గీసే వాళ్ల ఆవిడా ఉన్న ఇల్లు, అది కూడా ఇప్పుడు జనం చూసేదే. రవ్ కూక్ గారి ఇంట్లో నాకు భయమనిపించలేదు, దూరమనిపించలేదు. బడిలోకి వెళ్లినట్టుంది.

—

పుస్తకాల పురుగు:

బడిలా అనిపించడానికి కారణముంది మేరీ గారూ. అమెరికా వ్యాపారి హ్యారీ ఫిషెల్ ఇచ్చిన డబ్బుతో 1920ల మొదట్లో కట్టిన ఆ చోటులో ఒకవైపు కాపురం, ఒకవైపు యెషివా, అంటే ధర్మగ్రంథాలు చదివే పాఠశాల. 1921లో రవ్ కూక్ పాలస్తీనాకి మొదటి అష్కెనాజీ (యూరప్ మూలాల యూదుల) ప్రధాన రబ్బీ అయ్యారు. 1924లో మొదలుపెట్టిన మెర్కజ్ హరవ్ అనే యెషివా 1960ల దాకా అక్కడే నడిచింది. పాఠశాల పెద్ద చోటికి మారిపోయాక మ్యూజియం అయింది. అంటే అది మొదటి నుంచీ విద్యార్థులు తిరిగిన ఇల్లు.

ఇంకో మాట, కాస్త జాగ్రత్తగా చెబుతాను. ప్రెసిడెంట్ స్ట్రీట్ ఇంటికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. రెబ్బేయే మెస్సీయ అని నమ్మే అనుచరులు కొందరున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు, చబాద్ లోపలే దీని మీద చాలా గట్టి విభేదాలున్నాయి. అలాంటిచోట ఆయన కుర్చీని, కప్పును ప్రదర్శనకు పెడితే జ్ఞాపకం ఎక్కడ ఆగుతుంది, ఆరాధన ఎక్కడ మొదలవుతుంది? మనుషులనూ వస్తువులనూ పూజించడం యూదు ధర్మంలో అన్నిటికంటే పెద్ద తప్పు.

దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1986 నుంచి ఆయన ఆదివారాలు గంటల తరబడి నిలబడి వచ్చిన ప్రతివాళ్లకూ ఒక డాలరు నోటు ఇచ్చేవారు. అప్పటికే ఆయనకు 84 ఏళ్లు. ఆ నోటు దానం చేయడానికి, తీసుకున్నవాళ్లు కూడా ఇచ్చేవాళ్లు కావాలని. జనం ఏం చేశారు? దానం వేరే డాలరుతో చేసి, ఆయన చేతి నోటును ప్లాస్టిక్‌లో భద్రపరుచుకున్నారు. వాళ్ల ప్రేమ నాకర్థమవుతుంది, నేనైనా అదే చేసేవాణ్నేమో. కానీ చేతులు మారాల్సిన నోటు ఆగిపోయింది.

—

సువార్త, చేబ్రోలు:

ఇది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఎలీషా గదిని గ్రంథం మాటల్లో చూపించింది. మంచం ఎక్కడుందో వెళ్లి చూడమనలేదు. ఇంట్లోకి జనాన్ని పంపకుండా ఆ ఇంటి సంగతులు చెప్పే దారి ఉందంటే అది కూడా తెరవడమే.

—

ముంబై శేఖర్:

ఇక్కడ మన దేశంలోని ఇల్లు ఒకటి ఎవరూ ప్రస్తావించలేదు. కొలాబాలోని నారీమన్ హౌస్. అది చబాద్ హౌస్, అంటే రెబ్బే పంపించే దూతల పరంపరలో వచ్చిన ఇల్లే. రబ్బీ గవ్రియెల్ హోల్ట్జ్‌బర్గ్, రివ్కా దంపతులు 2003లో ముంబై వచ్చారు. కింది అంతస్తుల్లో వచ్చిపోయేవాళ్లకు భోజనం, ప్రార్థన. పైన వాళ్ల కాపురం. 2008 నవంబర్ 26న దాడి మొదలైంది, ఆ ఇంట్లో ఆరుగురు చనిపోయారు, దంపతులిద్దరూ అందులో ఉన్నారు. రెండేళ్లు నిండబోతున్న కొడుకు మోషేని ఆయా సాండ్రా శామ్యూల్ ఎత్తుకుని బయటపడ్డారు.

నేను అప్పుడు ఆ పక్క సందులో ఒక మెస్‌లో తినేవాణ్ని. ఆ మూడు రోజులు మాకెవరికీ నిద్ర లేదు. హెలికాప్టర్ నుంచి కమాండోలు ఆ మేడ మీదికి దిగడం మా టెర్రస్ నుంచి కనిపించింది.

2014లో ఆ ఇల్లు మళ్లీ తెరిచారు. 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు 11 ఏళ్ల మోషే కూడా వచ్చాడు. కొన్ని గోడల మీద తూటాల గుర్తులు పూడ్చకుండా ఉంచారు. వాళ్ల పడకగదిని, పిల్లాడి గదిని తెరవడం తప్పని టీచర్ గారి లెక్కన అనాలేమో. నేను అనలేను. అక్కడ గోప్యతను ముందు పగలగొట్టింది తుపాకులు. ఆ తర్వాత తలుపు మూసి ఉంచితే లోపల మిగిలేది చావు ఒక్కటే. తెరిచి, వంట మొదలుపెట్టి, సబ్బాతు దీపాలు మళ్లీ వెలిగించారు.

—

లలిత టీచర్:

శేఖర్ గారూ, నా లెక్కన కూడా అది తప్పు కాదండీ. ఆ దంపతులు ఇల్లు పెట్టిందే దారిన పోయేవాళ్ల కోసం. మేరీ చెప్పింది అదే కదా, తలుపు ఎవరు తెరిచారన్నది. హోల్ట్జ్‌బర్గ్ దంపతులే తెరిచిన తలుపు అది, తర్వాతివాళ్లు మూయనివ్వలేదు.

—

సందేహాల శ్రీను:

మరి 1988లో ఖయా ముష్కా గారు పోయినప్పుడు ఏం జరిగింది? అప్పుడు ఆ ఇంటికి జనం రాలేదా?

—

పుస్తకాల పురుగు:

వచ్చారు శ్రీను గారూ. ఫిబ్రవరి 10న ఆవిడ పోయారు. ఏడు రోజుల షివా ఆ ఇంట్లోనే. యూదుల్లో షివా అంటే దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు గడప దాటరు, ఊరే వాళ్ల దగ్గరికి వస్తుంది, ప్రార్థన కూడా ఆ ఇంట్లోనే జరుగుతుంది. అంతవరకు గేటు దగ్గర గొంతు తగ్గించినవాళ్లు ఆ వారం లోపలికి అడుగుపెట్టారు, చోటు చాలని వాళ్లు చలిలో వీధిలో నిలబడ్డారు. ఆ ఏడాది గడిచాక రెబ్బే దాదాపు 770లోని తన గదిలోనే ఉండిపోయారు. 1992 మార్చిలో మామగారి సమాధి దగ్గర ప్రార్థిస్తుండగా పక్షవాతం వచ్చింది.

మీ ప్రశ్నకు ముందు నేను ఇలా ఆలోచించలేదు. ఆ ఇంటి తలుపు అంతమందికి తెరుచుకున్నది ఆవిడ కోసం ఏడ్వడానికి. ఆవిడ లేని ఇంట్లో ఆయన ఎక్కువ కాలం ఉండలేదు.

—

ఎడిసన్ మూర్తి:

రెండు రోజులుగా మీరందరూ రాసింది మా మిత్రుడికి ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. మేరీ గారి బామ్మ మాట చెప్పినప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. 'సున్నం గోడలు' గారు చెప్పిన పద్ధతి, కొద్దిమంది, ఫోన్లు లేకుండా, మూసిన తలుపును మూసినట్టే చూపిస్తూ, అది ఆయనకు బాగా నచ్చింది. నాకైతే టీ బల్ల ఉన్న గది ఆ మూసిన గది కావాలనిపిస్తోంది.

వచ్చే నెల క్వీన్స్‌లో రెబ్బే సమాధికి తీసుకెళ్తానన్నారు. ఓహెల్ అంటారట. పాటించాల్సినవేమైనా ఉంటే చెప్పండి.

—

పుస్తకాల పురుగు:

రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. తోలు చెప్పులు, బూట్లు బయట విడవాలి, బట్టవి ఉంటే పర్వాలేదు. చెప్పుకోవాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్లండి. చదివి, అక్కడే చింపి లోపల వేస్తారు. పైన కప్పు ఉండదు, ఆకాశమే. తిరిగి వచ్చేటప్పుడు వీపు చూపించకుండా వెనక్కి నడుస్తారు. ఖయా ముష్కా గారి సమాధి కూడా అదే శ్మశానంలో, దగ్గర్లోనే, తల్లి పక్కన ఉంది. అక్కడికి కూడా వెళ్లండి.

ఇంకోటి. లోపలికి అడుగు పెట్టేముందు తలుపు తడతారు.

—

సువార్త, చేబ్రోలు:

సమాధి తలుపా? ఎవరు పలుకుతారని?

—

పుస్తకాల పురుగు:

రెబ్బే తన మామగారి దగ్గరికి వెళ్లినప్పుడు తట్టేవారు, అదే ఆచారంగా నిలిచింది. రబ్బీ అకీవా కొడుకుతో చెప్పిన మాటల్లో ఒకటి ఉంది. నీ సొంత ఇంట్లోకి కూడా చప్పుడు చేయకుండా చొరబడకు, పొరుగువాడి ఇంట్లోకి అసలే వద్దు అని. ప్రధాన యాజకుడి అంగీ అంచుకు గంటలు ఎందుకో మీకు తెలిసే ఉంటుంది సువార్త గారూ.

—

సువార్త, చేబ్రోలు:

నిర్గమకాండం 28. అతడు పరిశుద్ధస్థలంలోకి వెళ్లేటప్పుడు వాటి ధ్వని వినబడాలి అని. ఎన్నోసార్లు చదివాను, ఇంటి తలుపుతో కలిపి ఎప్పుడూ చదవలేదు.

—

ఎడిసన్ మూర్తి:

బట్ట బూట్లు కొన్నాను. వెళ్లొచ్చి రాస్తాను.